ట్రే పట్టుకున్న అమ్మాయి

వారంలో ఆరు రోజులు తెనాలిలో ఒక బట్టల షాపులో చీరలు విప్పి చూపిస్తాను. చూసినవాళ్ళు వెళ్ళాక మళ్ళీ మడిచి పెడతాను. ఏడో రోజు పొద్దున గుడికి వెళ్తాను. గుడి నుంచి వచ్చి అన్నం తిన్నాక అమ్మాయినవుతాను. నాకు ముప్ఫై నాలుగేళ్ళు. అయినా ఈవెంట్లు చేసే వినయ్ కుమార్ ఫోనులో ఎవరినో "అమ్మాయిలు నలుగురు సరిపోతారా సార్" అని అడిగితే ఆ నలుగురిలో నేనూ ఉంటాను.

చెప్పుకోవడానికి పెద్ద పనేం కాదు. నలుగురికీ ఒకే రంగు చీర, భుజం మీది నుంచి అడ్డంగా కంపెనీ పేరున్న పట్టీ, చేతిలో ట్రే. ట్రేలో ఒక శాలువా, ఒక దండ, ఒక మెమెంటో. మైకులో ఎవరి పేరో పిలుస్తారు. ఆయన వేదిక ఎక్కుతాడు. ట్రే పట్టుకుని ఆయన పక్కన నిలబడి కెమెరా వైపు చూసి నవ్వాలి. ఆయన దిగిపోతాడు, ఇంకొకాయన ఎక్కుతాడు. నవ్వు మాత్రం దిగకూడదు. మూడు గంటలు అలా నిలబడితే నా కుడి మోకాలు ఇంటికెళ్ళేదాకా తిడుతూనే ఉంటుంది.

ఆ మోకాలు ఒకప్పుడు కబడ్డీ ఆడిన మోకాలు. జిల్లా జట్టులో నాలుగేళ్ళు కూతకెళ్ళాను. కబడ్డీ కబడ్డీ అంటూ ఊపిరి బిగబట్టి అవతలి గడిలోకి వెళ్ళి, దొరికినవాళ్ళని ముట్టుకుని, కూత తెగకుండా వెనక్కి రావడమే నా పని. ఇరవై రెండో ఏట ఒక సెమీఫైనల్లో ముగ్గురు నా కాలు మీద పడ్డారు. తిరిగొచ్చాను, పాయింట్లు కూడా వచ్చాయి. మోకాలు మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆట నుంచి ట్రే దాకా ఎలా వచ్చానని స్నేహ అడుగుతుంటుంది. ఏం చెప్పను, గ్రౌండు వదల్లేక గ్రౌండులోనే ఏదో ఒక పని పట్టుకున్నాను.

స్నేహ మాలో చిన్నది. రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. దానికి ఈ పనంటే ఇష్టం. "ల్యాబులో రోజంతా ఎవరూ మొహం చూడరక్కా, అందరూ సూదినే చూస్తారు" అంటుంది.

మా వైపు ఏ పోటీ పెట్టినా దాతలుంటారు. గ్రౌండు చదును చేయించినాయన, మంచినీళ్ళ ట్యాంకరు పంపినాయన, కుర్చీలు వేయించినాయన, ఆ కుర్చీలు వేయించమని ఆయనకి చెప్పినాయన. ఒక్కొక్కరికీ శాలువా కప్పాలి. ఒక్క పేరు మర్చిపోతే ఆ మనిషి వచ్చే ఏడు ఇటు తొంగి చూడడు. అందుకని ఆట అరగంట అయితే సన్మానాలు రెండు గంటలు. అంతమందికి ట్రేలు అందించడానికి మేం కావాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మొత్తం గొడవంతా దీని మీదే నడిచింది.

ఈ ఫిబ్రవరిలో ఒక విత్తనాల కంపెనీ కబడ్డీ టోర్నమెంటు పెట్టింది. మొదటి ఆదివారం తెనాలి, రెండోది బాపట్ల, మూడోది రేపల్లెలో ఫైనల్స్. మగవాళ్ళ జట్లు పన్నెండు, ఆడపిల్లల జట్లు నాలుగు. ఆ నాలుగింట్లో ఒకదానికి కెప్టెన్ మా అక్క కూతురు సింధు. రేపల్లెలో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. కూత నేర్పింది నేనే. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు బకెట్లో మొహం ముంచి ఊపిరి లెక్కపెట్టించేదాన్ని. మా అక్క చీపురు తీసుకుని నా వెంటపడేది.

రేపల్లె ఫైనల్సుకి ప్రమీలారాణి గారు వస్తున్నారని సింధు నెల ముందే చెప్పింది. ఆవిడ ఒక ప్రభుత్వ సంస్థ ఉద్యోగుల జట్టుకి కోచ్. స్పోర్ట్స్ కోటాలో తీసుకోవడానికి ఆడపిల్లల్ని వెతుకుతున్నారు. విజయవాడ నుంచి సాయంత్రం నాలుగింటికి వచ్చి ఆరింటికి వెళ్ళిపోతారు. ఆ రెండు గంటల్లో సింధు ఆవిడ కంట్లో పడాలి. పడితే ఉద్యోగం, ఆట రెండూ ఉంటాయి. పడకపోతే డిగ్రీ అయ్యాక నా షాపులోనే నా పక్కన నిలబడి చీరలు మడుస్తుంది. ఆ పని తప్పేం కాదు. కానీ నేను మడుస్తున్నాను కాబట్టి నాకు తెలుసు.

తెనాలి ఆదివారం అయిపోయిన మర్నాడు మా ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. తీసినవాడెవడో మా మొహాలు తప్ప అన్నీ తీశాడు. అక్కడ మొదలైంది. ఆటలో ఈ ముస్తాబు ఆడవాళ్ళెందుకు, ఇదేం సంస్కృతి, ఇదేం వ్యాపారం అని గ్రూపుల్లో వాదించుకున్నారు. మా షాపులో చీర కొనడానికి వచ్చినామె కూడా నాతోనే అంది, "ఆ పిల్లలకి సిగ్గన్నా ఉండొద్దూ" అని. నేను నాలుగో చీర విప్పాను. బొట్టూ మేకప్పూ లేకపోతే నన్నెవరూ గుర్తుపట్టరు.

రెండో ఆదివారం బాపట్లలో ఆట మొదలయ్యేముందు కమిటీ మీటింగు పెట్టారు. కాలేజీ గదిలో వాళ్ళు కూర్చున్నారు. బయట వరండాలో బెంచీ మీద మేం నలుగురం, పట్టీలతో సహా. ఫ్యాను గాలి రావడానికో ఏమో తలుపు తీసే ఉంది. ప్రతి మాటా వినపడింది.

అందరికంటే గట్టిగా మాట్లాడింది వెంకటరమణమ్మ గారు. తెనాలిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు, మహిళా సంఘం ఆవిడదే, మమ్మల్ని ఆపాలని ఊళ్ళో సంతకాలు పెట్టించిందీ ఆవిడే. "నేను ఆ పిల్లల్ని అనడం లేదండి, పద్ధతిని అంటున్నాను. ఆట చూడ్డానికొచ్చిన వాళ్ళకి ఆడపిల్లని తయారుచేసి చూపించడం ఏంటి? మెమెంటో పక్కన ఇంకో మెమెంటోనా ఆ అమ్మాయి?" అన్నారు.

ఆ మాట నాకు సూటిగా తగిలింది. మూడేళ్ళుగా నాకు చెప్పుకోవడం చేతకాని సంగతి ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేశారు. నిజమేనండీ అని చెప్పాలనిపించింది. కానీ నన్నెవరూ లోపలికి పిలవలేదు.

"అమ్మాయిలు లేకపోతే దాతలు స్టేజీ ఎక్కుతారా మేడం? వాళ్ళొచ్చేదే ఫోటో కోసం" అన్నారు ఎవరో. "ఉండనివ్వండి, కానీ జాకెట్టు చేతులు మోచేతి దాకా ఉండాలి" అన్నారు ఇంకొకరు. అక్కడి నుంచి ఇరవై నిమిషాలు జాకెట్టు చేతుల మీదే నడిచింది. స్నేహ తన జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుని, "ఇంకెంత రావాలక్కా" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఆవలింత వచ్చింది.

అప్పుడు కమిటీ సెక్రటరీ నాగేశ్వరరావు గారు గుమ్మంలోకి వచ్చారు. మంచాయన. ఎవరినీ గట్టిగా ఒక మాట అనలేరు. "అమ్మా, కాఫీలొచ్చాయి. కాస్త లోపలికి అందిస్తారా" అని అడిగారు.

అందించాం. ట్రేలు మాకు అలవాటే. మేం లోపలున్నంతసేపూ ఎవరూ నోరు మెదపలేదు. కొంతమంది గోడ మీది క్యాలెండరు చూశారు. వెంకటరమణమ్మ గారు కాఫీ తీసుకుంటూ "థాంక్సమ్మా" అన్నారు, నా మొహం చూడకుండానే. మేం బయటికి రాగానే మళ్ళీ మాటలు మొదలయ్యాయి.

చివరికి నాగేశ్వరరావు గారే దారి చూపించారు. "రేపల్లెలో మోడల్స్ వద్దు. మన క్రీడాకారిణులే ఉన్నారు కదండి. ట్రాక్‌సూట్లలో పద్ధతిగా ఉంటారు. ట్రేలు వాళ్ళే అందిస్తారు. వాళ్ళకీ గౌరవం, మనకీ గౌరవం."

అందరూ చప్పట్లు కొట్టారు. వెంకటరమణమ్మ గారూ కొట్టారు. నిజం చెప్పాలంటే అందులో ఉన్న తిరకాసు నాకూ తట్టలేదు. ఒక ఆదివారం పని పోయింది, మోకాలికి సెలవొచ్చింది అనుకున్నాను. సాయంత్రం దాకా బాపట్లలో ట్రే పట్టుకుని, పాసింజరెక్కి, నిడుబ్రోలు దాటేసరికి నిద్రపోయాను.

బుధవారం మధ్యాహ్నం సింధు ఫోన్ చేసింది. గొంతు బొంగురుగా ఉంది.

"పిన్నీ, మా మ్యాచ్ పొద్దున పదకొండింటికి మార్చారు."

"ఎందుకు?"

"నాలుగింటి నుంచి ఆరింటిదాకా మేం స్టేజీ మీద ఉండాలంట. యాభై రెండు మంది దాతలు. ట్రేలు మేమే పట్టుకోవాలంట. ప్రమీలారాణి మేడం వచ్చేసరికి నేను శాలువాలు అందిస్తా ఉంటా."

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద అన్నది తెలియలేదు. ఆ గదిలో ఒక్కరు కూడా సింధుకి చెడు తలపెట్టలేదు. ఆడపిల్లని అలంకారం చెయ్యొద్దని ఆవిడ అంటే, ఆడే పిల్లని గౌరవిద్దామని ఈయన అన్నారు. ఇద్దరూ కలిసి ఆ పిల్లని ఆటలోంచి తీసుకొచ్చి నా చోట నిలబెట్టారు.

మర్నాడు భోజనం టైములో వెంకటరమణమ్మ గారింటికి వెళ్ళాను. మంచం మీద కొత్తిమీర ఆరబోసి కాడలు తుంచుతున్నారు. మేకప్పు లేని మొహాన్ని ఆవిడా గుర్తుపట్టలేదు. "ఎవరమ్మా నువ్వు" అన్నారు.

"ఆదివారం మీకు కాఫీ ఇచ్చానండి. నా పేరు కరుణశ్రీ."

ఆవిడ చేతిలో కొత్తిమీర అలాగే ఆగిపోయింది. కూర్చోమన్నారు. సింధు సంగతంతా చెప్పాను. వింటూ వింటూ కళ్ళజోడు తీసేశారు.

"నేను అడిగింది ఇది కాదమ్మా" అన్నారు చివరికి.

"తెలుసండి. మీరు అడిగింది కరెక్టేనండి. కానీ మీరంతా రెండు గంటలు మాట్లాడారు. తలుపు తీసే ఉంది, మేం బయటే కూర్చున్నాం. ఒక్కళ్ళు కూడా, మీరేమంటారమ్మా అని మమ్మల్ని అడగలేదు. ఆడే పిల్లల్నీ అడగలేదు."

అంత మాట ఆవిడతో అంటానని నేను అనుకోలేదు. నోరు జారింది అనుకుని తల వంచుకున్నాను. ఆవిడకి కోపం రాలేదు. లేచి ఫోను తెచ్చి నాగేశ్వరరావు గారికి చేసి స్పీకరు పెట్టారు.

"కరపత్రాలు కూడా అచ్చయిపోయాయండి" అన్నారు ఆయన. "యాభై రెండు పేర్లు మేడం. సాయంత్రం తప్ప దాతలు రారు. పిల్లలు మ్యాట్ మీదుంటే ట్రేలెవరు పట్టుకుంటారు? మీరెవరినైనా చూపిస్తే మ్యాచ్ నాలుగింటికే పెట్టిస్తా."

ఆవిడ నావైపు చూశారు.

"మేమే పట్టుకుంటామండి" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. ఫోనులో ఆయన హలో హలో అంటున్నారు. నాకు ఆవిడ మీద జాలి వేసింది. ఈ వయసులో ఊరంతా తిరిగి సంతకాలు పెట్టించి గెలిచిన మాట అది. "నేను వద్దన్నదాన్ని నేనే తీసుకురావాలా అమ్మాయ్" అన్నారు నెమ్మదిగా.

"నేను కంపెనీ కోసం రావడం లేదండి. సింధు చేతులు ఖాళీగా ఉండటం కోసం వస్తున్నా."

"పట్టీ వెయ్యొద్దు. అదొక్కటీ నా మాట ఉంచు" అన్నారు. సరేనన్నాను. వచ్చేటప్పుడు కొత్తిమీర కట్ట ఒకటి చేతిలో పెట్టారు.

ఆదివారం మధ్యాహ్నం నలుగురం రేపల్లె బండెక్కాం. వేమూరు దాటాక స్నేహ అద్దంలో చూసి అందరికీ బొట్లు సరిచేసింది. పట్టీ లేకుండా బోసిగా ఉందని గొణిగింది. గ్రౌండులో నాగేశ్వరరావు గారు మమ్మల్ని చూడగానే "హమ్మయ్య, వచ్చారా" అన్నారు. రావద్దని తీర్మానం చేసింది ఆయనే. ఆ ముక్క ఆయనకి గుర్తున్నట్టు లేదు.

నాలుగింటికి సరిగ్గా మ్యాచ్ మొదలైంది. సింధు జట్టుకీ చీరాల జట్టుకీ. ప్రమీలారాణి గారు మ్యాట్ పక్కన ముందు వరసలో కూర్చున్నారు, ఒళ్ళో పుస్తకం, చేతిలో పెన్ను. పొట్టి జుట్టు, మెడలో ఈల. ఆవిడని చూసి నాకు ధైర్యం వచ్చింది.

సన్మానాలు కూడా అప్పుడే మొదలయ్యాయి. ఫోటోల వెనక ఆట పడాలని కెమెరా అతను ముచ్చటపడ్డాడు. అందుకని వేదిక వెనక ఫ్లెక్సీ దగ్గర తను నిలబడి, మమ్మల్ని ఆటకి వీపు పెట్టించి నిలబెట్టాడు. ఏ ఆట కోసం వచ్చానో ఆ ఆట నా వీపు వెనకాల జరుగుతోంది. నా ముందు కెమెరా, పక్కన ఎరువుల కొట్టు ఆయన, మొహం మీద నవ్వు.

చెవులతోనే చూశాను. ఈల, అరుపులు, మ్యాట్ మీద ఒళ్ళు పడిన చప్పుడు. మధ్యలో మైకు, "తరువాత, కూల్‌డ్రింకుల దాత..." ఆ గోలలో కూడా సింధు కూత పోల్చుకున్నాను. అందరూ నోటితో కూస్తారు. సింధుది పొట్టలోంచి వస్తుంది, సన్నగా, తెగకుండా. అది వినపడినప్పుడల్లా నా ట్రే కొంచెం కదిలేది. "అక్కా, దండ" అని స్నేహ హెచ్చరించేది.

మొదటి సగంలో సింధు వాళ్ళు నాలుగు పాయింట్లు వెనకబడ్డారు. రెండో సగంలో కొంచెం కోలుకున్నారు. ఇంక ఆరు నిమిషాలుందనగా మైకులో వినపడింది.

"ఇప్పుడు మన ముఖ్య అతిథి, శ్రీమతి ప్రమీలారాణి గారిని సన్మాన స్వీకారానికి వేదిక మీదకి సాదరంగా ఆహ్వానిస్తున్నాం."

నేను వెనక్కి తిరిగాను. కెమెరా అతను "మేడం ఇటు" అన్నాడు. కమిటీవాళ్ళు ఇద్దరు చేతులు జోడించుకుని ఆవిడ కుర్చీ దగ్గరికి వెళ్తున్నారు. ఆవిడ మ్యాట్ వైపు ఒకసారి, వాళ్ళ వైపు ఒకసారి చూసి, మొహమాటంగా పుస్తకం మూస్తున్నారు. వేదిక ఎక్కితే ఇంక అంతే. శాలువా, దండ, మెమెంటో, రెండు మాటలు, ఆ రెండు మాటలకి ముందు ఇంకొకాయన నాలుగు మాటలు. ఆటకి వీపు పెట్టి ఆవిడ కూడా నవ్వుతూ నిలబడాలి. ఆట చూడమని పిలిచిన మనిషిని, ఆట నడుస్తుండగా, సన్మానం పేరుతో అటు తిప్పేస్తారు. ఇది కూడా గౌరవమే.

ఆ శాలువా నా చేతిలోని ట్రేలో ఉంది.

మెట్లు దిగాను. చెక్క మెట్లు, ఐదు. మోకాలు ఒక్కో మెట్టుకీ ఒక్కో మాట అంది. వెనక నుంచి స్నేహ "అక్కా, ఎక్కడికి" అంటోంది. కుర్చీల మధ్య నుంచి నడిచి ప్రమీలారాణి గారి పక్కకి వెళ్ళాను, ఎదురుగా కాదు, మ్యాట్ కి అడ్డం రాకుండా.

"మీరు కూర్చోండి మేడం. శాలువా ఇక్కడికే తెచ్చాను. మీరు ఆట చూడండి."

ఆవిడ నా వంక ఒక క్షణం చూసి కూర్చున్నారు. పుస్తకం మళ్ళీ తెరిచారు. నాగేశ్వరరావు గారు పరుగున వచ్చారు. "ఏంటమ్మా ఇది, పైన దాతలంతా చూస్తున్నారు. మేడం గారిని పైకి రానీ."

"ఒక్క ఐదు నిమిషాలండి."

"వినయ్ కుమార్ ఇంకెప్పుడన్నా నిన్ను పిలుస్తాడా ఇలా చేస్తే?" అన్నారు. బెదిరింపు కాదు, నా మీద దిగులుతోనే అన్నారు. పిలవడని నాకూ తెలుసు.

అప్పుడే సింధు కూతకి వెళ్ళింది.

ఆ రోజు నేను కళ్ళతో చూసిన మొదటి కూత అది. అవతల నలుగురున్నారు. సింధు తొందరపడలేదు. ఎడమ మూలకి పోతున్నట్టు ఒంగి, కుడి వైపు పిల్ల భుజం ముట్టింది. తిరిగేలోపల ఇద్దరు నడుం పట్టుకున్నారు, ఇంకో పిల్ల చీలమండ దొరకబుచ్చుకుంది. కింద పడింది. కూత ఆగలేదు. మ్యాట్ కి మొహం ఆనించి, ముగ్గురి బరువు కింద నుంచి, కబడ్డీ కబడ్డీ అని సన్నగా వస్తూనే ఉంది. చెయ్యి చాపింది. వేళ్ళు మధ్య గీతకి జానెడు దూరంలో ఆగాయి. నాకు తెలియకుండా నేనూ ఊపిరి బిగబట్టాను. బకెట్టు నీళ్ళల్లో ఆ పిల్ల తల గుర్తొచ్చింది. తీయకు, ఇంకొంచెం, ఇంకొంచెం అనేదాన్ని.

మధ్యవేలి కొన గీతని తాకింది. రెఫరీ చెయ్యెత్తి నాలుగు వేళ్ళు చూపించాడు.

గ్రౌండంతా లేచింది. ప్రమీలారాణి గారు లేవలేదు. పుస్తకంలో ఏదో రాసి దాని కింద రెండు గీతలు గీశారు. సింధు చొక్కా మీది నెంబరు అది. నేను చదివాను. చదివి, ఇంకోసారి చదివాను.

రాయడం అయ్యాక ఆవిడ తనలో తను అనుకుంటున్నట్టు అన్నారు, "ఈ కాలపు పిల్లలకి ఇలాంటి కూత ఉండదు. ఎవరు నేర్పారో."

రెండు వారాలుగా నా గురించి ఎంతమందో మాట్లాడారు. నా జాకెట్టు గురించి, నా సిగ్గు గురించి, నా గౌరవం గురించి. ఎవరైనా అడిగితే జవాబు చెప్పగలిగిన ప్రశ్న ఇదొక్కటే.

"నేనేనండి" అన్నాను.

ఆవిడ పెన్ను ఆపి తల తిప్పారు. ముందు చీర చూశారు, తర్వాత ట్రే చూశారు, ఆ తర్వాత మొహం చూశారు. పక్క కుర్చీ మీది బ్యాగు తీసి కింద పెట్టి, కూర్చోమని చేత్తో చూపించారు.

"ట్రే పట్టుకున్న అమ్మాయి ఎక్కడున్నా వెంటనే వేదిక వద్దకు రావలెను" అని మైకులో పిలుస్తున్నారు. రెండోసారి కూడా పిలిచారు.

ట్రే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మోకాలు హాయిగా ఉంది. ఆటలో ఇంకా నాలుగు నిమిషాలుంది.